బరువు లారీకి గేరు: చేతితో వేయునదా, తనంతట మారునదా?



తెలుగు పండితుడు లారీల గేర్లను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నాకు దీనియందుగల యధికారము రెండు విధముల వచ్చినది. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో చదువు చెప్పితిని. నాయొద్ద చదివినవారిలో పదవులెక్కినవారికన్న లారీలెక్కినవారే హెచ్చు. వారు పండుగలకు వచ్చి నా యరుగుమీద కూర్చుండి చెప్పుకొను మాటలు కవిత్వమును గూర్చినవి కావు; డీజిలును, టైర్లను, వాయిదాలను గూర్చినవి. ఇక రెండవది, మా యూర నెవరైన లారీ కొనదలచి పొలము తాకట్టు పెట్టునపుడు ఆ కాగితములు చదివి తాత్పర్యము చెప్పుట నా పాలబడిన పని. కాగితము చదువుట యొకటి, దానితో కొనబడు వస్తువేదో తెలియుట యొకటి. రెండవది తెలియక మొదటిదానిమీద వ్రాలు చేయింపుమనుట తగదని తోచి, అడిగియు, చూచియు, కొన్నిమారులు డ్రైవరు ప్రక్కను కూర్చుండి ప్రయాణము చేసియు కొంత తెలిసికొంటిని.

ఈ నడుమ నొక తగవు పలు గృహములయందు వినబడుచున్నది. కొడుకు క్రొత్త లారీ కొందుననును. దానికి క్లచ్చి పెడలే యుండదనియు, గేర్లు తమంతట తామే మారుననియు, కాలు నొప్పి లేదనియు చెప్పును. తండ్రి, గేరు వేయుట రానివాడు డ్రైవరెట్లగునురా యని కసరును. అది చెడినపుడు బాగుచేయువాడేడి యనును. ఇద్దరి మాటయు నిజమే. కాని యా లారీ యే దారిని, ఎంత బరువుతో, ఏటికెన్ని కిలోమీటర్లు పోవునో యిద్దరిలో నొక్కడును చెప్పడు. అది చెప్పనిదే యీ ప్రశ్నకు జవాబు లేదు. పొలము తాకట్టున నున్నపుడు జవాబు లేని ప్రశ్నతో బేరమునకు పోరాదు.

మొదట గేరన నేమో చూతము. గునపముతో బండరాయి నెత్తుట మీరందరు నెరుగుదురు. చేతివైపు గునపము పొడవైన కొలది రాయి సులభముగా లేచును. కాని చేయి మూరెడు దిగినపుడు రాయి యంగుళమే లేచును. బలము పెరిగినచో దూరము తగ్గును. దూరము పెరిగినచో బలము తగ్గును. గేరు పెట్టెలోని పండ్లచక్రములు చేయు పని యింతియే. బరువు లారీ డీజిలు ఇంజను నిమిషమునకు సుమారు 600 తిరుగుళ్లకు మిక్కిలి తగ్గినచో నాగిపోవును. 2,000 దాటించినచో నరచుటయే గాని లాభము లేదు. సుమారు 1,000 మొదలు 1,500 వరకు గల యిరుకు మేరలోనే అది తక్కువ డీజిలు త్రాగి యెక్కువ పని చేయును. చక్రములో, నిలిచియున్న స్థితినుండి గంటకు 80 కిలోమీటర్ల వరకు పోవలెను. ఇంజను యొక్క యిరుకు నడకను చక్రముల విశాలమైన నడకతో పొసగించుటకే యిన్ని గేర్లు. కారునకు అయిదారు చాలును. నలువది టన్నులు, ఏబది టన్నులు లాగు బండికి తొమ్మిదియో, పండ్రెండో, పదునారో కావలయును. ఐరోపాలోని ప్రసిద్ధమైన పండ్రెండు గేర్ల పెట్టె యొకదానిలో మొదటి గేరున ఇంజను దాదాపు 15 మారులు తిరిగినచో వెనుక యిరుసునకు పోవు షాఫ్టు ఒక్కమారు తిరుగును. చివరి గేరున రెండును సమముగా తిరుగును. అందు నిజముగా పండ్రెండు జతల చక్రములుండవు. మూడు గేర్ల పెట్టె యొకటి నడుమ. దాని ముందు రెండంతరములది యొకటి, వెనుక రెండంతరములది మరియొకటి. మూడును రెండును రెండును హెచ్చింప పండ్రెండు. మన డ్రైవర్లు గేరు కర్రపైనున్న చిన్న మీటను ఎత్తి దించుట చూచియుందురు. అది యీ వెనుక పెట్టెను మార్చుటకే.

జరుగు పండ్లచక్రముల గేరు పెట్టెను 1890 తరువాతి యేండ్లలో పారిసునందు పనార్, లెవస్సోర్ అనువారు కార్లలో నెలకొల్పిరి. తిరుగుచున్న రెండు చక్రముల పండ్లను సమవేగము లేకుండ కలిపినచో గరగరమని యరచును, పండ్లు విరుగును. దానిని తప్పించుటకు డ్రైవరు క్లచ్చిని రెండుమారులు త్రొక్కి నడుమ ఇంజను వేగము సరిచేయవలసి యుండెను. మన పాతకాలపు డ్రైవర్లు డబుల్ క్లచ్చి యనునది యిదియే. 1928లో అమెరికాలోని కాడిలాక్ కార్లలో చక్రముల వేగములను ముందుగా సమము చేయు ఏర్పాటు వచ్చెను; దానిని సింక్రోమెష్ అందురు. అది కార్లలో వ్యాపించినను, అమెరికా బరువు లారీలలో సింక్రోమెష్ లేని పెట్టెలు నేటికిని కలవు. వాటిని నడుపువారు ఇంజను ధ్వనిని చెవితో కొలిచి గేరు వేయుదురు. ఇది సంగీతవిద్వాంసులు శ్రుతి కలుపుట వంటిది. వినుటకు మనోహరమే. కాని రేయి రెండు గంటలవేళ, పదియవ గంట ప్రయాణమున, శ్రుతి తప్పుటయు నట్లే సహజము.

రెండవ జాతి వేరొక మార్గమున వచ్చినది. 1905లో హెర్మన్ ఫొట్టింగర్ అను జర్మను ఇంజనీరు ఓడల కొరకు నొక యంత్రమునకు పేటెంటు పొందెను. రెండు విసనకర్ర చక్రములను ఎదురెదురుగా నుంచి యొకదానిని త్రిప్పినచో, దాని గాలికి రెండవది తిరుగును గదా. గాలికి మారుగా నూనె నుంచి, రెండింటి నడుమ నూనెను త్రిప్పి పంపు రెక్కలు మరికొన్ని యమర్చినచో, బండి కదలునపుడు బలము రమారమి రెండింతలు కూడ కాగలదు. దీనిని టార్కు కన్వర్టరు అందురు. ఇందు రాపిడికి అరుగు క్లచ్చి ప్లేటుతో బండిని కదల్చు పని లేదు. గేరు మారునపుడు కూడ లాగుడు తెగదు. 1939లో అమెరికాలోని జనరల్ మోటార్సు వారు నూనెతో బలమందించు ఆటోమేటిక్ గేరును ఓల్డ్స్‌మొబైల్ కార్లకు అమర్చిరి. బరువు బండ్లకు ఈ జాతి పెట్టెలు చేయుటయందు అల్లిసన్ అను అమెరికా సంస్థ పేరు పొందినది. అగ్నిమాపక శకటములు, నగరములలో అడుగడుగున నాగు బస్సులు, చెత్త నెత్తు బండ్లు, గనులలోని పెద్ద డంపర్లు వీటిని వాడును. నూనె చిలుకబడుటచే వేడి పుట్టి కొంత శక్తి వ్యర్థమగును. వేగము కుదిరిన పిమ్మట లోపల నొక కొక్కెము రెండు చక్రములను బిగించి ఆ నష్టమును తగ్గించును. వెల మాత్రమెక్కువ.

మన తగవునకు కారణమైనది మూడవ జాతి. పెద్దలు దీనిని రెండవదానితో కలిపి 'ఆటోమేటిక్' అనుటచేతనే సగము గందరగోళము కలుగుచున్నది. దీనికి ఏ.ఎం.టి. అని పేరు. లోపలనున్నవి పాత పండ్లచక్రములే. అదే యెండు క్లచ్చి ప్లేటు. కాని క్లచ్చిని త్రొక్కునది డ్రైవరు కాలు గాక గాలి పీడనము. గేరు త్రోయునది వాని చేయి గాక అట్టి పీడనమే. ఎప్పుడు త్రోయవలెనో నిర్ణయించునది చిన్న కంప్యూటరు. దారి యెంత యెత్తుగా నున్నదో కొలుచు సాధనము, బండి బరువును లెక్కగట్టు గణితము దానికి కలవు. వోల్వో వారు తమ ఐ-షిఫ్ట్ అను పండ్రెండు గేర్ల ఏ.ఎం.టి.ని 2001లో వెలువరించిరి. తక్కిన వారును ఇట్టివే చేసిరి. నేడు ఐరోపాలో దూరప్రయాణపు క్రొత్త లారీలలో అధికభాగమునకు క్లచ్చి పెడలే లేదు. ఉత్తర అమెరికా కూడ ఆ దారినే పోవుచున్నది. మనదేశమున ఇప్పటికిని చేతిగేరే యధికము, ఐనను ఏ.ఎం.టి. బండ్లు ఖరీదునకు దొరకుచున్నవి, కొనువారును కలరు.

కావున కొడుకు 'ఆటోమేటిక్' అన్నపుడు తండ్రి మొదట నడుగవలసినది, నాయనా, నూనెదా, ప్లేటుదా అని. ప్లేటుదైనచో అది యరుగును. ఎంత త్వరగా నరుగుననునది బండి వెళ్లు చోటునుబట్టి యుండును.

ఇది భీమవరము ఆకివీడుల చేపలబండ్లను తలచుకొనిన తెలియును. మంచుపెట్టెలతో చేపలు నింపుకొని బంగాళమునకును, అస్సామునకును పోవు లారీలు రాత్రింబగళ్లు నడుచును. ఆలస్యమైనచో సరకే చెడును. వీరికి దారి చాలవరకు తిన్నని జాతీయ రహదారి. గంటల తరబడి ఒకే గేరు. నడుమ నడుమ టోలు గేట్లు, పట్టణములు, వంతెనల యెత్తులు. ఇట్టి పనికి ఏ.ఎం.టి. మిక్కిలి తగినది. దానికి అలసట లేదు. నూరవ కిలోమీటరున వేసినంత నేర్పుగా తొమ్మిది వందలవ కిలోమీటరునను గేరు వేయును. మనిషి అట్లు కాడు. తెల్లవారుజామున ఎడమకాలు బరువెక్కి, క్రింది గేరు వేయవలసినచోట పై గేరునందే ఇంజనును మూలుగించుచు ఎక్కించును. డీజిలు వృథా, ఇంజనుకు దెబ్బ.

చీమకుర్తి నల్లరాతి దిమ్మలను మోయు ట్రెయిలర్ల పని వేరు. క్వారీ లోపల గుల్ల దారి, నిట్టనిలువు ఎక్కుడు, పిమ్మట రేవు వరకు మంచి బాట. క్వారీయే చిక్కు. ఏ.ఎం.టి. గేరు మార్చునపుడు క్షణకాలము లాగుడు తెగును. తిన్నని దారిని అది తెలియదు. మెత్తని యెక్కుడున ఆ క్షణములోనే బండి యూపు చచ్చి చక్రము దిగబడవచ్చును. అందువలననే ఈ పెట్టెలకు చేతిమాట వినునట్టి యేర్పాటు కూడ నుంచిరి. మీట నొక్కి 'ఈ గేరును విడువకుము' అని చెప్పవచ్చును. తెలిసిన డ్రైవరు క్వారీలో ముందుగా తగిన గేరు నెన్నుకొని, పైకి వచ్చువరకు దానినే పట్టియుంచును. తెలియనివాడు యంత్రమే చూచుకొనునని కూర్చుండి, దిగబడిన పిమ్మట కంపెనీని తిట్టును. సింగరేణి తెరచు గనులలో దినమంతయు ఎత్తులే ఎక్కు పెద్ద డంపర్ల తరగతి బండ్లకు ప్లేటు క్లచ్చి కన్న నూనె జాతి పెట్టె ఏల ఆదరణ పొందినదో దీనినిబట్టి తెలియగలదు.

ఇక పల్లెలో ఇసుక, మట్టి, కంకర మోయు టిప్పరు. పొలములోనికి వెనుకకు పోవలెను, అడుగు అడుగుగా ముందుకు జరుగవలెను, ఒక గంటలో ఇరువదిమారులు ఆగి కదలవలెను. ఏ.ఎం.టి.కి గల పెద్ద బలహీనత ఇచ్చటనే. ప్రాకునంత మెల్లగా నడుపునపుడు ప్లేటు సగము పట్టి సగము విడిచి రాపిడి పొందును. చేతిగేరు బండిలోను ఇట్లే యగును. కాని అచ్చట డ్రైవరు కాలికి ఆ రాపిడి తెలియును, ముక్కుకు వాసన తగులును, అతడు ఆగును. కంప్యూటరు 'క్లచ్చి వేడెక్కినది' అని దీపము వెలిగించును. ఆ దీపపు టర్థము తెలియనివాడు నడుపుచునే యుండును. మా వైపు యిసుకబండి డ్రైవరొకడు ఎక్కుడుమీద వరుసలో నిలిచినపుడు బ్రేకు పట్టక, ఆక్సిలరేటరు కొలదిగా త్రొక్కి బండిని గాలిలో దీపమువలె నిలుపుచుండెను. పాత బండితో అలవాటైన నేర్పది. ఏ.ఎం.టి.తో నట్లు చేసి ఏడాది తిరుగకుండ ప్లేటు మార్పించెను. ఇట్టి పనికి, అందును యజమానియే డ్రైవరైనపుడు, చేతిగేరు బండి చాలునని నా యభిప్రాయము.

ఘాటు రోడ్డును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ఇది డబ్బు మాట కాదు, ప్రాణముల మాట. విశాఖపట్టణమునుండి రాయపూరునకు పోవు బండ్లు సాలూరు దాటిన పిమ్మట సుంకి ఘాటు నెక్కి దిగవలెను. మారేడుమిల్లినుండి చింతూరునకు, దోర్నాలనుండి శ్రీశైలమునకు పోవు దారులును మీరెరిగినవే. ఎక్కునపుడు బండి మొరాయించిన నిలిచిపోవును, అంతియే నష్టము. దిగునపుడు పట్టు తప్పిన నిలుచుట యుండదు. 40 టన్నుల బండి 500 మీటర్ల యెత్తునుండి దిగినచో, దారి రాపిడిని, గాలిని, ఇంజనును లెక్కింపక యంతయు బ్రేకులే ఆపవలసినచో పుట్టు వేడి, సాధారణపు నీటిని 600 లీటర్లకు పైగా తెర్లించుటకు చాలును. మూడు పెద్ద పీపాల నీరు! ఆ వేడిని ఇనుప డ్రమ్ములలో పెట్టినచో అవి యెర్రబారి, లోపలి లైనర్లు పట్టు విడుచును. అపుడు పెడలు ఎంత త్రొక్కినను బండి ఆగదు. బ్రేకులు 'ఫెయిలైనవి' అని పత్రికలలో చదువుదుము. పెక్కుమారులు అవి చెడలేదు, వేడికి లొంగినవి.

దీనికి విరుగుడు ఇంజనే. డ్రైవరు కాలు తీసిన పిమ్మట చక్రములే ఇంజనును త్రిప్పవలసి వచ్చి, ఆ భారమున బండి వేగము తగ్గును. క్రింది గేరైన కొలది ఈ పట్టు హెచ్చును. అందుకే, ఏ గేరున ఎక్కెదవో ఆ గేరుననే దిగుమని పాతవారు చెప్పిరి. క్రొత్త ఇంజనులకు పట్టు హెచ్చించు ఇంజను బ్రేకు ఏర్పాటును కలదు కనుక అంతకన్న ఒక గేరు పైదైనను కొన్నిచోట్ల చెల్లును. ఐనను మొదటిమారు పోవు దారిని పాతమాటయే క్షేమము. చేతిగేరు బండిలో దీనికొక ఘోరమైన అపాయము కలదు. దిగుడు సగములో వేగము మించిన పిమ్మట క్రింది గేరు వేయబోవునపుడు, ఉన్న గేరు ఊడివచ్చును; క్రొత్తది పడదు. బండి న్యూట్రలులో పడి బాణమువలె పోవును. నేర్పరులైనవారు దిగుడు మొదలు కాకమునుపే గేరు తగ్గింతురు. ఏ.ఎం.టి.లో ఈ యూడిపోవుట యుండదు. ఇంజను తాళలేని గేరును అది వేయనొల్లదు. ఐనను దానిని పూర్తిగా దాని యిష్టమునకు విడువక, దిగుటకు ముందే చేతిమీటతో గేరు నిలిపి, ఇంజను బ్రేకు వేసి దింపవలెను.

డీజిలు మిగులునని దిగుడులో న్యూట్రలు చేయువారు నేటికిని ఉన్నారు. వారితో నేను పలుమారులు వాదించితిని. క్రొత్త ఇంజనులలో, గేరులోనుండగా ఆక్సిలరేటరునుండి కాలు తీసినచో డీజిలు చుక్కయైనను లోనికి పోదు; చక్రములే త్రిప్పుచుండును గదా. న్యూట్రలు చేసినచో ఇంజను ఆగకుండుటకు డీజిలు త్రాగుచునే యుండును. కావున నిటారు దిగుడులో న్యూట్రలు చేయుట ప్రాణముతో పాటు డీజిలును పోగొట్టుకొనుట. కొన్ని ఏ.ఎం.టి. బండ్లు మిక్కిలి కొలది వాలులో తామే న్యూట్రలునకు పోవును. వేగము మించగనే మరల గేరు వేయును. అది చూచి, యంత్రము చేసినది మేమేల చేయరాదని కుర్రవాండ్రు అడుగుదురు. యంత్రము క్షణములో గేరు తిరిగి వేయగలదు; మీరు వేయగలరన్న నమ్మకము మీ తల్లికి లేదు అని నేను చెప్పుదును.

బాగుచేయువాడేడి యన్న తండ్రి ప్రశ్నకు వత్తము. అది బలమైన ప్రశ్న. విజయవాడ ఆటోనగరములో చేతిగేరు పెట్టెను విప్పి బిగించు మేస్త్రీలు బేరింగు ధ్వనిని విని రోగము చెప్పుదురు. ఏ.ఎం.టి.కి రోగము చెప్పునది కంపెనీవారి కంప్యూటరు. గాలి గొట్టమొకటి కారినను, తీగ యొకటి తెగినను, పెట్టె లోపలి చక్రములన్నియు దివ్యముగా నుండగా బండి కదలదు. గాలి పీడనము పోయినచో గేరే పడదు; బ్యాటరీ చచ్చినచో త్రోసి స్టార్టు చేయుటకు వీలు లేదు. ధాన్యపు బస్తాల బండ్లలో వినాయకుని వాహనము తీగలు కొరుకుట కూడ నేను చూచితిని. నా శిష్యుడొకని బండి, ఒక చిన్న సెన్సారు కొరకు, నాలుగు దినములు దారిప్రక్కనే నిలిచెను. ఏ కంపెనీదో చెప్పను. నాలుగు దినముల కిరాయి పోయెను, వాయిదా మాత్రము ఆగలేదు.

ఐనను ఈ వాదమున సగము బలము 2020 తరువాత తగ్గినది. ఆ సంవత్సరము ఏప్రిలు 1నుండి మనదేశమున బీఎస్-6 నియమములు వచ్చినవి. అప్పటినుండి అమ్మబడు బరువు లారీలలో ఇంజనునకే కంప్యూటరు కావలసివచ్చినది. పొగను శుభ్రపరచుటకు యూరియా ద్రావకము, సెన్సార్లు వచ్చినవి. చేతిగేరు కొన్నను, ఇంజను విషయమున కంపెనీ కంప్యూటరు ఎదుట నిలువక తప్పదు. కావున 'కంప్యూటరు లేని బండి' అని చేతిగేరును ఎన్నుకొనువారు లేనిదానిని ఎన్నుకొనుచున్నారు. అడుగవలసినది, ఈ గేరు పెట్టె తెలిసిన సర్వీసు కేంద్రము మన దారిలో ఎన్ని కిలోమీటర్ల కొకటి యున్నదని. నూరు కిలోమీటర్ల లోపల నున్నచో ఒక మాట; రాయపూరులోనే యున్నదన్నచో వేరొక మాట.

డబ్బు లెక్క నాకు తెలిసిన విధమున చెప్పుదును. బండి లీటరునకు 4 కిలోమీటర్లిచ్చుననుకొనుడు. ఏటికి లక్ష కిలోమీటర్లు తిరుగుననుకొనుడు. 25,000 లీటర్లు. ఏ.ఎం.టి. వలన నూటికి నాలుగు పాళ్లు కలిసివచ్చెననుకొన్నచో వేయి లీటర్లు మిగిలెను. అదే బండి ఏటికి 30,000 కిలోమీటర్లే తిరిగినచో మిగులు మూడువందల లీటర్లు. దానిని నేటి డీజిలు ధరతో హెచ్చించి, ఏ.ఎం.టి.కి అధికముగా నిచ్చు మూల్యమును దానితో భాగించినచో, ఎన్నియేండ్లకు ఆ మూల్యము తిరిగివచ్చునో తేలును. నేను నాలుగు పాళ్లన్నది లెక్కకు మాత్రమే. నిజమైన పాళ్లు డ్రైవరునుబట్టి మారును. మిక్కిలి నేర్పరి చేతిగేరుతోనే యంత్రమునకు తీసిపోడు. వానికి మిగులు సున్న కావచ్చును. సామాన్యునితో లాభము కనబడును. పలువురు డ్రైవర్లను జీతమునకు పెట్టుకొనువారికి ఏ.ఎం.టి. వలన కలుగు ప్రయోజనమిదియే: అందరి బండ్లును ఇంచుమించు ఒకే తీరున నడుచును, ప్లేటు ఖర్చు ముందుగా నూహింపవచ్చును. ఒక్క బండి యుండి దానిని తానే తోలుకొనువానికి ఈ లాభమంతగా లేదు. పాతబండిగా తిరిగి యమ్మునపుడు కొనవచ్చువారు ఇప్పటికిని చేతిగేరునే యడుగుచున్నారని మావాండ్రు చెప్పుదురు. ఆ తరుగును కూడ లెక్కలో వేసికొనవలెను.

డ్రైవరు నేర్పు వ్యర్థమగునా యని మరికొందరి బాధ. భారతమున నలుని కథ తలపునకు వచ్చుచున్నది. బాహుకుడై ఋతుపర్ణుని రథమును విదర్భకు తోలునపుడు నలునికి తెలిసినది అశ్వహృదయము. ఋతుపర్ణునికి తెలిసినది లెక్క. చెట్టు చూచినంతనే ఆకులును కాయలును ఎన్నో చెప్పగలడు. ఈ కంప్యూటరు ఋతుపర్ణుడు. బరువెంత, వాలెంత, వేగమెంత అన్నవి క్షణములో లెక్కించును. కాని మలుపు అవతల గేదెల మంద యున్నదని దానికి తెలియదు. ముందు పోవు ట్రాక్టరు ఎడమకు తిరుగనున్నదని తెలియదు. ఐరోపాలో కొన్ని బండ్లు కొండల పటము నుంచుకొని రాబోవు ఎత్తును ముందే గ్రహించును. గేదెల పటము ఇంకను రాలేదు. కావున ఏ.ఎం.టి. వచ్చినను నలుడు కావలయును, కొంత వేరు విద్యతో. ఆ కథలో ఇద్దరును తమ తమ విద్యలను మార్చుకొనిరి గదా. అమెరికాలో బరువు బండి లైసెన్సు పరీక్ష ఆటోమేటిక్ బండితో నెగ్గినవానికి చేతిగేరు బండి తోలరాదని లైసెన్సుమీదనే వ్రాయుదురు. మన పిల్లలు మొదట చేతిగేరు నేర్చి పిమ్మట రెండవది నేర్చుట మేలని నేను తలచుచున్నాను. పని దొరకుటకు రెండును కావలయును.

మోకాళ్ల మాట చెప్పక పోరాదు. రద్దీ దారిని దినమున వందలమారులు బరువైన క్లచ్చి త్రొక్కి, నలువదియైదేండ్లకే ఎడమ మోకాలు పట్టుకొని కూర్చున్నవారు మా యూర నున్నారు. వారి కిరాయి లెక్కలో ఆ మోకాలి ఖరీదు ఎవరును వేయలేదు. ఏ.ఎం.టి. బండి అడుగు కుర్రవానిని సోమరి యని తిట్టుటకు మునుపు ఆ మోకాళ్లను జ్ఞాపకము చేసికొనుడు.

బేరము కుదుర్చుకొనునపుడు ఖాళీ బండిని రోడ్డుమీద నాలుగు ఫర్లాంగులు నడిపి చూపుట చాలదు. ఖాళీ బండి ప్రతి పెట్టెతోను చక్కగానే నడుచును. నిండు బరువుతో, మీ దారిలోని ఎక్కుడుమీద ఆపించి మరల కదల్పించి చూడుడు. వెనుకకు జారునా, ఎంత జారును, వాసన వచ్చునా అని గమనింపుడు. బరువు చట్టము మేరకే యుండవలెను. 2018లో మూడిరుసుల లారీకి మొత్తము బరువును 25 టన్నులనుండి 28.5 టన్నులకు పెంచిరి, దానిపై ఎక్కించి పరీక్షించుట పరీక్ష కాదు. క్లచ్చి ప్లేటు వారంటీలో చేరునా, చేరదా అని కాగితముమీద వ్రాయించుకొనుడు, నోటిమాట వలదు. ఏ.ఎం.టి. యైనచో మీ డ్రైవరునకు కంపెనీవారు ఎన్నినాళ్లు నేర్పుదురో, ఎచ్చట నేర్పుదురో కూడ అందే వ్రాయించుడు. ఆ కాగితము తెలుగులో లేనిచో, మీ యూరి బడిపంతులుచేత చదివించుకొని పిమ్మట వ్రాలు చేయుడు.